మల్బరీ ఆకు పరగడుపున ఎందుకు పనిచేయదు? పాలుగారే చెట్ల కుటుంబంలో మందు, విషం, కలప

సంక్షిప్తంగా: మల్బరీ ఆకులోని ఒక పదార్థం అన్నంలోని పిండి చక్కెరగా విడిపోయే వేగాన్ని తగ్గిస్తుంది. భోజనంతో కలిపి తీసుకుంటేనే దానికి పని ఉంటుంది. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడుతున్నవారు డాక్టరుకు చెప్పకుండా దాన్ని మొదలుపెడితే చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది. మల్బరీకి చుట్టాలైన మర్రి, రావి, మేడి, జువ్వి బెరళ్ళ ఉపయోగం ఎక్కువగా పైపైన కడగడానికే. పచ్చి పనస అన్నానికి కొంతమేర బదులు కాగలదు, పండిన పనస కాలేదు. ఏ చెట్టు అన్నదానితో సరిపోదు. ఏ భాగం, ఎంత, ఎప్పుడు అన్నది కూడా తెలియాలి.

మల్బరీ ఆకు టీ, మల్బరీ ఆకు పొడి ఇప్పుడు ఆయుర్వేద దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ సులువుగా దొరుకుతున్నాయి. విజయవాడ, గుంటూరు ఇళ్ళల్లో షుగర్ ఉన్నవారు వీటిని మెంతుల నీళ్ళు, కాకరకాయ రసం సరసన చేర్చుకుంటున్నారు. పొద్దున్నే పరగడుపున ఒక చెంచా వేసుకోవడం వాటికి అలవాటైన పద్ధతి. మల్బరీ విషయంలో అసలు పొరపాటు ఇక్కడే జరుగుతోంది.

ఆకు తుంచితే కనిపించేది

లేత మల్బరీ ఆకును కాడ దగ్గర తుంచితే, తెగినచోట తెల్లటి పాలచుక్క ఉబికి వస్తుంది. వేలికంటుకుని కాసేపట్లో జిగురవుతుంది, ఆరితే గోధుమరంగు మచ్చగా మిగులుతుంది. మర్రి, రావి, మేడి, జువ్వి, పనస, అంజూర, బరింక, వీటిలో దేన్ని తుంచినా ఇదే కనిపిస్తుంది. వృక్షశాస్త్రంలో ఇవన్నీ మోరేసీ అనే ఒకే కుటుంబం. పాత నిఘంటువులు మల్బరీని కంబళిచెట్టు అన్నాయి.

పాలు కారే చెట్టల్లా ఈ కుటుంబానిది కాదు. జిల్లేడు, బొప్పాయి, గన్నేరు వేరే కుటుంబాలవి. మోరేసీకి ఇంకో గుర్తు పండులో ఉంది. వీటిలో ఎక్కువ చెట్లలో ఒక పువ్వు ఒక పండు కావడం జరగదు, గుత్తిలోని పూలన్నీ ఒకటిగా అతుక్కుని పండవుతాయి. మల్బరీ పండులో కనిపించే ఒక్కో గింజంత ఉబ్బు ఒక్కో పువ్వు. పనసలో ఒక్కో తొనా ఒక్కో పువ్వే. మేడిలో, అంజూరలో పూలు కాయ లోపలే దాగి ఉంటాయి. మేడిపండు పొట్టలో కనిపించే పురుగులు పండు కుళ్ళి పుట్టినవి కావు. ఆ లోపలి పూలకు పుప్పొడి మోసుకొచ్చే చిన్న కందిరీగల సంతానమే అవి. అవి లేకపోతే మేడిలో గింజ కట్టదు.

చెట్టు ఈ పాలను ఆత్మరక్షణకే తయారుచేసుకుంటుంది. జపాన్ పరిశోధకులు 2006లో ప్రచురించిన ఒక ప్రయోగం ఈ సంగతిని స్పష్టంగా చూపింది. ఆముదం ఆకు తిని బతికే ఎరి పట్టుపురుగులకు మల్బరీ ఆకు పెడితే చనిపోయాయి. అదే ఆకును సన్నగా తరిగి, పాలు పోయేలా కడిగి పెడితే తిని పెరిగాయి. విషం ఉన్నది పాలలోనని తేలింది. ఆ పాలలో చక్కెరను పోలిన ఆల్కలాయిడ్లు ఉంటాయి. వాటిలో ముఖ్యమైనది 1-డీఆక్సీనోజిరిమైసిన్, పొట్టిగా డీఎన్‌జే. ఇది గ్లూకోజులా కనిపిస్తుంది కానీ గ్లూకోజు కాదు. పురుగు కడుపులో చక్కెరను విడగొట్టే ఎంజైము దీన్ని చక్కెర అనుకుని పట్టుకుని, అక్కడే ఇరుక్కుపోతుంది. తిన్నది ఒంటబట్టక పురుగు చస్తుంది.

మరి మామూలు పట్టుపురుగు ఎలా బతుకుతోంది? దాని కడుపులో డీఎన్‌జేకి లొంగని మరో రకం ఎంజైము ఉంది. మిగతా పురుగులకు మూసుకుపోయిన వంటిల్లు దానికి మాత్రం తెరిచే ఉంటుంది.

అదే తాళం మనిషి పేగుల్లో

అన్నం, ఇడ్లీ, చపాతీ ఏది తిన్నా అందులోని పిండి చిన్నపేగులో, అరుగుదల చివరి మెట్టులో, ఆల్ఫా గ్లూకోసిడేజ్ అనే ఎంజైముల వల్ల గ్లూకోజుగా విడిపోయి రక్తంలోకి వెళుతుంది. పురుగు కడుపులో జరిగినట్టే ఇక్కడా డీఎన్‌జే ఆ ఎంజైములకు అడ్డుపడుతుంది. పిండి విడిపోవడం నెమ్మదిస్తుంది, భోజనం తర్వాత చక్కెర ఒక్కసారిగా ఎగబాకడం తగ్గుతుంది. ఇది ఊహ కాదు. డాక్టర్లు రాసే మిగ్లిటాల్ అనే మాత్ర ఈ డీఎన్‌జే నుంచి రూపొందించిందే. అకార్బోజ్, వోగ్లిబోజ్ మాత్రలు రసాయనంగా వేరైనా పనిచేసే తీరు ఇదే. అందుకే వాటిని మొదటి ముద్దతో వేసుకోమని చెబుతారు.

పరగడుపు అలవాటు ఇక్కడ ఎందుకు కుదరదో దీన్నిబట్టి తెలుస్తుంది. ఖాళీ పేగులో విడిపోవడానికి పిండే లేనప్పుడు ఎంజైమును అడ్డుకుని ప్రయోజనం లేదు. ఉదయం ఆరింటికి మల్బరీ నీళ్ళు తాగి తొమ్మిదింటికి టిఫిన్ చేస్తే, ఇడ్లీ వచ్చేసరికి అడ్డుకోవాల్సిన పదార్థం చాలావరకు దాటిపోయి ఉంటుంది. ఆకు, అన్నం పేగులో ఒకే సమయంలో ఉండాలి.

దీని పరిధి కూడా ఈ పద్ధతిలోనే ఉంది. ఆకు పిండిపదార్థాన్నీ పంచదారనూ నెమ్మదింపజేస్తుంది. నేరుగా గ్లూకోజు, ఫ్రక్టోజు రూపంలో ఉన్న చక్కెరను ఏమీ చేయలేదు. ఎండు అంజూరలో 100 గ్రాములకు సుమారు 48 గ్రాములు చక్కెరే, అది ఎక్కువగా ఈ రెండు రూపాల్లోనే ఉంటుంది. పొద్దున నానబెట్టిన అంజూరలు నాలుగు తిని, వెనకాల మల్బరీ టీ తాగితే అంతా సర్దుకుంటుందన్న లెక్క తప్పు. పండిన మల్బరీ పండ్లకూ ఇదే వర్తిస్తుంది. ఆకులోని గుణాన్ని పండుకు అంటగట్టకూడదు.

ఎంత తీసుకుంటే ఎంత

2007లో జపాన్‌లో ఆరోగ్యవంతుల మీద జరిగిన ఒక పరీక్షలో డీఎన్‌జే 1.5 శాతం ఉండేలా ప్రత్యేకంగా తయారుచేసిన పొడిని వాడారు. 0.8 గ్రాములు, 1.2 గ్రాములు ఇచ్చినప్పుడు చక్కెర పెరుగుదల గుర్తించదగినంతగా తగ్గింది. అంటే డీఎన్‌జే లెక్కలో 12, 18 మిల్లీగ్రాములు. మామూలుగా ఎండబెట్టిన ఆకులో ఇది సుమారు 0.1 శాతమే ఉండవచ్చు. ఆ లెక్కన 12 మిల్లీగ్రాములు అందాలంటే 12 గ్రాముల పొడి, అంటే నాలుగైదు చెంచాలు కావాలి. ఒక టీ సంచిలోని 2 గ్రాముల ఆకులో దొరికేది 2 మిల్లీగ్రాములు. ఒకరికి పనిచేసిన ప్యాకెట్ ఇంకొకరికి ఎందుకు పనిచేయలేదో అర్థం కావాలంటే ముందు ఈ లెక్క చూడాలి. కొమ్మ చివరి లేత ఆకుల్లో డీఎన్‌జే ఎక్కువ, ముదురాకుల్లో తక్కువ. రకాన్నిబట్టి, కోసిన కాలాన్నిబట్టి కూడా మారుతుంది. ప్యాకెట్ మీద డీఎన్‌జే శాతం రాయని పొడికి మోతాదు చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు.

డాక్టరు ఒప్పుకున్నాక ఇంట్లో పరీక్షించుకునే పద్ధతి ఒకటుంది. ఒకే కొలత అన్నం, ఒకే కూర, ఒకే వేళకు రెండు వేర్వేరు రోజుల్లో తినాలి. ఒకరోజు ఆకు లేకుండా, ఇంకోరోజు మొదటి ముద్దతో ఆకు పొడి కలుపుకుని. రెండు రోజులూ తిన్న గంటకు, రెండు గంటలకు గ్లూకోమీటరులో చూడాలి. తేడా కనిపించేది ఎక్కువగా గంట దగ్గరే. పరగడుపు రీడింగు మాత్రమే చూసి ఆకును మెచ్చుకోవడమూ కుదరదు, తీసిపారేయడమూ కుదరదు.

ఎండబెట్టడంలో జరిగే తప్పులు

పచ్చి ఆకులో డెబ్భై శాతానికి పైగా నీరే. నాలుగు కిలోల ఆకు ఎండితే కిలోకు అటూఇటుగా వస్తుంది. పొద్దున మంచు ఆరాక కొమ్మ చివరి ఆకులు కోయాలి. రెండుసార్లు నీళ్ళలో జాడించి, గుడ్డ మీద నీరు ఓడ్చాలి. ఇడ్లీపాత్రలో నీళ్ళు మరిగాక ఆకును ఒక నిమిషం ఆవిరి పట్టిస్తే, నల్లబడేలా చేసే ఎంజైములు ఆగిపోయి రంగు నిలుస్తుంది. డీఎన్‌జే వేడికి చెడదు. తర్వాత నీడలో, గాలి ఆడేచోట, ఒక్క వరుసగా పరచాలి. చేత్తో నలిపితే గలగలమని పొడి కావాలి, కాడ పుటుక్కున విరగాలి.

కుప్పగా పోస్తే ఆకు లోపల వేడెక్కి ఒక్క రాత్రిలో నల్లబడి పుల్లటి వాసన వస్తుంది. కృష్ణా తీరంలో ఆగస్టు, సెప్టెంబరు నెలల తేమలో నీడన నాలుగు రోజులున్నా ఆకు మెత్తగానే ఉంటుంది. పైకి ఎండినట్టు కనిపించి, డబ్బాలో వేసిన పది రోజులకు బూజు పడుతుంది. ఆ కాలంలో ఫ్యాను కింద ఎండబెట్టాలి, లేదా ఆ పని ఫిబ్రవరి, మార్చిలో పెట్టుకోవాలి. బూజు వాసన ఏమాత్రం ఉన్నా మొత్తం పారేయాలి. వేయించి వాడుకుందామనుకోవద్దు. బూజు వదిలిన విషాలు వేడికి అంత సులువుగా పోవు.

ఎవరు జాగ్రత్తపడాలి

విడిపోని పిండి పెద్దపేగు దాకా చేరితే అక్కడి బాక్టీరియా దాన్ని పులియబెడుతుంది. కడుపుబ్బరం, గ్యాసు, ఒక్కోసారి విరేచనాలు వస్తాయి. ఇది ఆకు పడకపోవడం కాదు, ఆకు పనిచేసే తీరులో భాగం. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్, వోగ్లిబోజ్ మూడూ కలిసిన మాత్రలు మన దగ్గర విరివిగా రాస్తారు. అలాంటి మాత్ర వేసుకునేవారు ఆకు కూడా తింటే ఒకే పనికి రెండు మందులైనట్టు. లాభం కన్నా ఉబ్బరమే మిగులుతుంది.

అసలు ప్రమాదం గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారికి. ఆకుతో అన్నంలోని చక్కెర నెమ్మదిగా వస్తుంటే, మందు తన వేగంతో తాను దించేస్తుంటుంది. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం మొదలైనప్పుడు ఇంట్లోవాళ్ళు వెంటనే నోట్లో పంచదార పోస్తారు. అయితే పంచదార గ్లూకోజుగా విడిపోవడానికి కావాల్సింది కూడా మల్బరీ అడ్డుకున్న ఎంజైమే. పంచదార అనుకున్నంత త్వరగా పనిచేయదు. ఈ ఆకు గానీ వోగ్లిబోజ్ గానీ వాడే ఇంట్లో గ్లూకోజు పొడి ప్యాకెట్ తప్పనిసరిగా ఉండాలి. 15 గ్రాములు, అంటే మూడు నిండు చెంచాలు, నీళ్ళలో కలిపి తాగించి పావుగంట తర్వాత మళ్ళీ చూడాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

2021 డిసెంబరులో కాలిఫోర్నియాలో ఒక మహిళ మరణానికి మల్బరీ ఆకు తిన్నందువల్ల వచ్చిన పేగుల వాపు, ఒంట్లో నీరు తగ్గిపోవడం కారణమని అక్కడి అధికారిక నివేదిక రాసింది. 2022లో అది బయటికొచ్చినప్పుడు పలువురు విషవైద్య నిపుణులు ఆ నిర్ధారణను సందేహించారు. ఆ ఒక్క ఘటనతో ఆకును విషమనడం తొందరపాటు. వాంతులు, విరేచనాలు మొదలైనా ఆకు ఆపకుండా కొనసాగించడం మాత్రం కచ్చితంగా తప్పు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు దీనికి దూరంగా ఉండటమే మంచిది.

నాలుగు చుట్టాలు, ఒక పరాయి చెట్టు

ఆయుర్వేదంలో పంచవల్కలం అంటే మర్రి, రావి, మేడి, జువ్వి, గంగరావి బెరళ్ళు. మొదటి నాలుగూ మల్బరీ చుట్టాలు. గంగరావి పేరులో రావి ఉన్నా, ఆకు అలాగే కనిపించినా, అది బెండ, మందార కుటుంబానిది. కొమ్మ తుంచితే రావికి తెల్లపాలు కారతాయి, గంగరావికి కారవు. బెరడు కొనేటప్పుడు ఎండుముక్కల్లో ఈ తేడా తెలియదు కాబట్టి నమ్మకమైన పచారీ కొట్టులోనే కొనాలి.

ఈ బెరళ్ళలో పనిచేసేవి ప్రధానంగా టానిన్లు, అంటే నోటికి వగరుగా తగిలేవి. అవి పుండు పైభాగంలోని ప్రోటీన్‌ను గడ్డకట్టించి పలచని పొరలా చేస్తాయి, స్రావం తగ్గుతుంది. ఒక్కోటి 10 గ్రాముల చొప్పున 50 గ్రాముల ముతక పొడికి 800 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి, మూత లేకుండా సన్నని సెగన 200 మిల్లీలీటర్లకు మరిగించాలి. ఉతికిన పలచని గుడ్డలో వడకట్టాలి. పొడి నలుసులు పుండులో పడితే అవే చీముకు కారణమవుతాయి. ఇనుప మూకుడులో కాచకూడదు. టానిన్ ఇనుముతో కలిసి సిరాలా నల్లగా మారుతుంది. స్టీలు గిన్నె గానీ మట్టికుండ గానీ వాడాలి. చల్లారాక కడగడానికి, పుక్కిలించడానికి ఆరోజే వాడేయాలి, మర్నాటికి దాచకూడదు. షుగర్ ఉన్నవారి కాలి పుండుకు మాత్రం ఇది వైద్యం కాదు. లోపలికి పాకే ఇన్ఫెక్షన్ పైన పొర కట్టినంత మాత్రాన ఆగదు, ఈలోగా గడిచిన వారం వేలు పోగొట్టవచ్చు.

పాలతో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. మర్రిపాలు పాదాల పగుళ్ళకు రాసుకునేవారున్నారు. కంట్లో పడితే మాత్రం మంట, వాపు వస్తాయి. పదిహేను నిమిషాలు ధారగా నీళ్ళతో కడిగి డాక్టరుకు చూపించాలి. అంజూర పాలలో ఉండే సోరాలెన్ అనే పదార్థం ఎండ తగిలితేనే రెచ్చిపోతుంది. ఏప్రిల్ ఎండలో మేడ మీది అంజూర కొమ్మలు ఉత్త చేతులతో కత్తిరిస్తే, ఒకటి రెండు రోజులకు బొబ్బలు లేచి నల్లమచ్చలు పడతాయి. సాయంత్రం పూట, తొడుగులు వేసుకుని కత్తిరిస్తే ఆ బాధ ఉండదు. బరింక ఆకు గరుకుగా ఉండి కర్రను నునుపు చేయడానికి పనికొస్తుంది, పుల్ల పళ్ళు తోముకోవడానికి పనికొస్తుంది. దాని వేరుబెరడులో మాత్రం గుండె మీద తీవ్రంగా పనిచేసే గ్లైకోసైడ్లు అనే పదార్థాలు ఉన్నాయి కాబట్టి లోపలికి తీసుకోకూడదు. బాణాల మొనలకు పూసే విషాన్నిచ్చే ఆంటియారిస్ చెట్టు కూడా ఈ కుటుంబానిదే.

పచ్చి పనస, పండిన పనస

శ్రీకాకుళంలో షుగర్ ఉన్న 40 మందిపై జరిగి 2021లో ప్రచురితమైన ఒక పరీక్షలో, రోజుకు 30 గ్రాముల పచ్చి పనస పిండిని అంతే బియ్యప్పిండికి, గోధుమపిండికి బదులుగా 12 వారాలు ఇచ్చారు. మూడు నెలల సగటు చక్కెర తగ్గింది. పరీక్ష చిన్నది. ఆ పిండి వ్యాపారంతో సంబంధం ఉన్నవారు కూడా పరిశోధకుల్లో ఉన్నారు. ఫలితాన్ని ఈ రెండూ గుర్తుంచుకుని చూడాలి. కీలకం "బదులుగా" అన్న మాటలో ఉంది. అన్నం తగ్గించకుండా పైన పనసపొట్టు కూర వేసుకుంటే కొత్తగా వచ్చేదేమీ లేదు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర కప్పు నిండా, అన్నం సగం, అదీ లెక్క. పండిన తొనల్లో పిండి చక్కెరగా మారిపోయి ఉంటుంది. పనసలో పొటాషియం ఎక్కువ కాబట్టి కిడ్నీ జబ్బు ఉన్నవారు, డయాలసిస్ చేయించుకునేవారు డాక్టరును అడగకుండా తినకూడదు. కోసేటప్పుడు చేతులకు, కత్తికి నూనె రాసుకోవాలి. పనసపాలు నీళ్ళకు కరగవు, నూనెకే వదులుతాయి.

కలప, కాగితం, పుప్పొడి

విజయవాడకు దగ్గరలోని నూజివీడులోనూ, ఉత్తరాన బొబ్బిలిలోనూ వీణలు పనసకర్రతోనే చేస్తారు. తేలిగ్గా ఉండి నాదం బాగా పలుకుతుంది, చెదలు త్వరగా పట్టవు. పసుపు రంగులో ఉండే దాని చేవలోని మోరిన్ అనే రంగుపదార్థానికి ఆ పేరు మల్బరీ శాస్త్రీయ నామం మోరస్ నుంచే వచ్చింది. అఫ్గాన్ రబాబుకు వాడేది మల్బరీ కర్ర. వంగి విరగని గుణం వల్ల మన దేశంలో హాకీ కర్రలకూ దాన్నే వాడారు.

జపాన్ చేతికాగితం ఎక్కువగా వచ్చేది కాగితపు మల్బరీ అనే చెట్టు బెరడు నారనుంచి, పట్టుపురుగుల మల్బరీనుంచి కాదు. ఆ చెట్టును ఇస్లామాబాద్‌లో విరివిగా నాటాక వసంతంలో దాని పుప్పొడితో ఉబ్బసం తీవ్ర సమస్యయింది. మల్బరీ మగపూలూ పుప్పొడిని గాలిలోకి విసురుతాయి. అమెరికాలోని టూసాన్ ప్రాంతంలో 1984లోనే మగచెట్ల అమ్మకాన్ని నిషేధించారు. రావి, మర్రి పూలు కాయ లోపలే ఉంటాయి, పుప్పొడిని కందిరీగలు మోస్తాయి. గాలిలో దుమారం రేగే అవకాశమే లేదు. రోడ్ల పక్కన నాటిన కోనోకార్పస్ చెట్ల పుప్పొడి మీద చర్చ జరిగినప్పుడు రావిని కూడా అనుమానించినవారికి ఇది జవాబు.

గుంటూరు నేలలో మల్బరీ

రాష్ట్రంలో పట్టు పరిశ్రమ హిందూపురం వైపు స్థిరపడటానికి కారణం చెట్టు కాదు, పురుగు. పట్టుపురుగుకు 24 నుంచి 28 డిగ్రీల చల్లదనం కావాలి. అది సముద్రమట్టానికి 600 మీటర్ల ఎత్తులోని ఊరికి సులువు. 40 డిగ్రీలు దాటే కృష్ణా, గుంటూరు వేసవికి కష్టం. దానికి తోడు పొగాకు, మిర్చి ఉన్నాయి. పొగాకులోని నికోటిన్, మిర్చికి కొట్టే పురుగుమందుల తుంపర మల్బరీ ఆకు మీద కంటికి కనబడనంత పడినా పట్టుపురుగులు చచ్చిపోతాయి. ఆకు కోసి పొడి చేసుకునేవారికీ ఇదే హెచ్చరిక. మిర్చి చేను గట్టున ఉన్న చెట్టు ఆకు, హైవే పక్కన దుమ్ము పట్టిన ఆకు మందుకు పనికిరావు.

పెరట్లో పెంచుకోవాలంటే ఆరు నుంచి ఎనిమిది నెలల వయసున్న, పెన్సిలంత లావు కొమ్మను మూడు నాలుగు కన్నులుండేలా 15 నుంచి 20 సెంటీమీటర్ల ముక్కలుగా కోయాలి. జూలైలో ఏటవాలుగా, ఒక కన్ను పైకి ఉండేలా నాటాలి. నల్లరేగడిలో నీరు నిలిస్తే వేరు కుళ్ళుతుంది. అడుగు ఎత్తు మట్టి దిబ్బ వేసి, ఇసుక, పశువుల ఎరువు కలిపితే నిలదొక్కుకుంటుంది. చిగురు ముడుచుకుని, ముదురు ఆకుపచ్చగా గిడసబారితే అది మిర్చికి వచ్చే బొబ్బర తెగులు కాదు, పిండినల్లి వల్ల వచ్చే తుక్రా అనే తెగులు. ఆ చివర్లను తుంచి సంచిలో వేసి కాల్చేయాలి. కింద పడేస్తే నల్లి మళ్ళీ ఎక్కుతుంది. కొమ్మలు కత్తిరించి ఆకంతా దూసేస్తే కొత్త చిగురుతోపాటే పిందె వస్తుంది. పూర్తిగా నల్లబడి, పట్టుకోగానే చేతిలోకి రాలే పండునే తినాలి. ఎర్రగా ఉన్నప్పుడు కోస్తే అందులో ఇంకా పాలు ఉంటాయి, పిల్లలకు కడుపునొప్పి వస్తుంది.